ఆందోళన, కుంగుబాటు: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు వైద్య సహాయం ఎలా పొందాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఎవరికైనా మనసు బాగోలేనప్పుడు సాధారణంగా రెండు పనులలో ఒకటి జరుగుతుంది. వీధి చివరి మందుల దుకాణంలో నిద్రమాత్ర అడిగి కొనుక్కోవడం ఒకటి. ఓర్చుకోగలిగినంత కాలం ఓర్చుకుని, ఇక భరించలేని స్థితి వచ్చాక రైలెక్కి నేరుగా విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకు చూపించుకోవడం రెండవది. మొదటిది ప్రమాదకరం. రెండవదానిలో తప్పేమీ లేదుగాని, ఆ డాక్టరు మూడు వారాల తరువాత మళ్ళీ రమ్మన్నప్పుడు ఊడ్పులో, పిల్లల పరీక్షలో, దారి ఖర్చులో అడ్డొచ్చి ప్రయాణం వాయిదా పడుతుంది, మందులు అయిపోతాయి, చికిత్స సగంలో ఆగిపోతుంది. ఆందోళన, కుంగుబాటు అనే ఈ రెండు జబ్బులూ ఒక్కసారి చూపించుకుంటే, ఒక్క చీటీ మందులు వాడితే తగ్గేవి కావు. అందుచేత పేరున్న డాక్టరుకంటే, నెలనెలా వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న డాక్టరు మీకు ఎక్కువ మేలు చేస్తారన్నది నా అభిప్రాయం. కింద చెప్పే పద్ధతి అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

అత్యవసరమైతే ముందు చేయవలసినది

చనిపోవాలన్న ఆలోచన మీకు గానీ, మీ ఇంట్లో వారికి గానీ వస్తున్నట్లయితే మిగతా వ్యాసం తరువాత చదువుకోవచ్చు. వెంటనే ఒక మనిషికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి, 14416కు ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, మాట్లాడే భాషను ఎంచుకోవచ్చు, ఆ భాషలలో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. ఆ నంబరు కలవకపోతే 1800-891-4416 ప్రయత్నించండి. అప్పటికే ఏదైనా మింగినా, గాయపరచుకున్నా ఫోన్‌లో సలహా కోసం ఆగకుండా 108 అంబులెన్సును పిలిచి, దగ్గరలో ఉన్న ఆసుపత్రికి చేర్చండి. పోలీసు కేసు అవుతుందేమోనన్న భయంతో ఆలస్యం చేసేవారు ఇప్పటికీ ఉన్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను ప్రకారం, వేరుగా రుజువైతే తప్ప, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి; ఆ వ్యక్తిని విచారించి శిక్షించకూడదు.

ఇంట్లో పురుగుమందు డబ్బాలు, కలుపుమందులు, పాత మాత్రల అట్టలు ఉంటే వాటిని తాళంలో పెట్టి తాళంచెవి వేరొకరు ఉంచుకోవాలి. వీలైతే కొన్నాళ్ళపాటు ఇంటి నుంచే తీసివేయాలి. వ్యవసాయం చేసుకునే ఇళ్ళలో ఈ చిన్న పని ఎన్నో ప్రాణాలు నిలుపుతుంది, ఎందుకంటే ఆ ఆలోచన తీవ్రంగా ఉండే సమయం చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకుండా చేయడమే ముఖ్యం. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని పెద్దవారు భయపడతారుగాని, అడిగినందువల్ల ప్రమాదం పెరగదు. అడిగితే ఆ మనిషి నోరు విప్పే అవకాశం ఉంటుంది.

ఇది జబ్బేనా అని తేల్చుకోవడం

దుఃఖం, దిగులు, బెంగ అందరికీ ఉంటాయి. అప్పు తీరలేదని, కొడుకు సూరత్ మిల్లుల నుంచి ఫోన్ చేయలేదని, పంట పోయిందని బాధపడటం జబ్బు కాదు. అయితే ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం గానీ, మనసు అదేపనిగా కుంగిపోయి ఉండటం గానీ రెండు వారాలకు పైగా, రోజులో ఎక్కువ సేపు కొనసాగుతూ, దానికి తోడు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతిని, తనవల్ల ఎవరికీ ఉపయోగం లేదన్న భావన బలపడుతుంటే, దానిని కుంగుబాటుగా అనుమానించి డాక్టరుకు చూపించాలి. ఆందోళన జబ్బులో మనసు ఎప్పుడూ రాబోయే కీడునే ఊహిస్తుంది. ఏ కారణమూ లేకుండా గుండె దడ, అరచేతుల్లో చెమట, మెడ బిగుసుకుపోవడం, పదేపదే విరేచనానికి వెళ్ళవలసి రావడం నెలల తరబడి ఉంటాయి. కొందరికి హఠాత్తుగా గాభరా కమ్ముకుని, ఊపిరాడనట్లు, ప్రాణం పోతున్నట్లు అనిపించి, సుమారు పది నిమిషాలలో తారస్థాయికి చేరి తరువాత నెమ్మదిగా తగ్గుతుంది. దీనిని పానిక్ అటాక్ అంటారు. ఇలాంటిది మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం గుండె జబ్బు కాదని ఈసీజీ తీసి నిర్ధారించుకోవలసిందే. ‘గ్యాస్ అయి ఉంటుంది’ అని గానీ ‘నరాల బలహీనత’ అని గానీ ఇంట్లోనే తీర్పు చెప్పుకోవద్దు.

మన ప్రాంతంలో ఇంకొక సంగతి గమనించాలి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర, 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇళ్ళు, చెట్లు, పశువులు పోగొట్టుకున్నవారు గంజాం, గజపతి జిల్లాలలో చాలామంది ఉన్నారు. అక్టోబరు నెలలో గాలి హోరు మొదలవగానే వణుకు, నిద్ర పట్టకపోవడం, పాత దృశ్యాలు కళ్ళముందు కదలడం కొందరికి ఏళ్ళు గడిచినా తగ్గదు. దీనికీ చికిత్స ఉంది. డాక్టరుతో మాట్లాడేటప్పుడు తుఫాను సంగతి తప్పక చెప్పండి.

ఎక్కడికి వెళ్ళాలి

బరంపురం పరిసరాల వారికి 1962లో ప్రారంభమైన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మనవాళ్ళు ‘మెడికల్’ అని పిలిచే ఆ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం పనిచేస్తోంది. కొరాపుట్, జయపురం వైపు ఉన్నవారికి కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర. పర్లాకిమిడి, రాయగడ వంటి జిల్లా కేంద్రాలలోని ప్రధాన ఆసుపత్రులకు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద సేవలు అందుతాయి. అయితే మానసిక వైద్యులు ఏ రోజుల్లో కూర్చుంటారో ఔట్‌డోర్ (ఓపీ) చీటీ ఇచ్చే కిటికీ దగ్గర ముందే కనుక్కుని వెళ్ళండి, లేకపోతే ఒక రోజు కూలి, బస్సు చార్జీ రెండూ వృథా అవుతాయి. ఊరి ఆశా కార్యకర్తకు ఈ వివరాలు తెలిసి ఉండే అవకాశం ఎక్కువ. మానసిక వైద్యులు దొరకకపోతే సాధారణ ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరే మొదలుపెట్టవచ్చు. తేలికపాటి, మధ్యస్థ స్థాయి కుంగుబాటుకు ఆయన చికిత్స ప్రారంభించి, అవసరమైతే పైకి పంపగలరు. సాధారణ మందులు ఒడిశా ప్రభుత్వాసుపత్రులలో నిరామయ పథకం కింద ఉచితంగా ఇస్తారు, కాబట్టి చీటీ పట్టుకుని బయటి దుకాణానికి వెళ్ళేముందు ఆసుపత్రి కౌంటరులో అడగండి.

విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల మన ప్రాంతంవారికి చాలాకాలంగా తెలిసినదే. గుణుపురం, పర్లాకిమిడి వారికి విశాఖ రైలు, కొరాపుట్ వారికి కిరండూల్ రైలు ఉన్నాయి. అక్కడ తెలుగులో చెప్పుకునే సౌకర్యం కూడా ఉంది. జబ్బు ముదిరినా, దగ్గరి ఆసుపత్రిలో చికిత్స పనిచేయకపోయినా అక్కడికి వెళ్ళడం మంచిదే. కాని అక్కడ మొదలుపెట్టిన మందులను ఇక్కడి డాక్టరు కొనసాగించేలా ఒక రెఫరల్ కాగితం రాయించుకోండి. ఆంధ్రా ప్రభుత్వ ఉచిత వైద్య పథకం (ఇదివరకటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) ఆంధ్రా కుటుంబాలకే వర్తిస్తుంది. ఒడిశా చిరునామా ఉన్నవారు దానిని లెక్కలో వేసుకోకూడదు. అక్కడి బంధువుల కార్డు మీద చేయిద్దామనుకోవడం మరీ పొరపాటు: చికిత్స వివరాలన్నీ వేరొకరి పేరున నమోదై, తరువాత మీకే చిక్కు తెస్తాయి.

వెళ్ళేముందు ఒక కాగితం రాసుకోవడం

ఔట్‌డోర్‌లో డాక్టరు ముందు కూర్చునే సమయం తక్కువ. వెనుక వరుస ఉంటుంది, పక్కన తెలియనివారు నిలబడి ఉంటారు, నోట మాట రాదు. అందుకే రాత్రే ఒక కాగితం మీద మీ మాటల్లోనే రాసుకోండి. అది ఇలా ఉంటే చాలు: ‘రథయాత్ర తరువాత నుంచి నిద్ర లేదు. పదకొండింటికి పడుకుంటే మూడింటికి మెలకువ వచ్చేస్తుంది, ఆ తరువాత తెల్లవార్లూ ఆలోచనలే. అన్నం సగం కంచంలో వదిలేస్తున్నాను, బట్టలు వదులయ్యాయి. మగ్గం మీద కూర్చోబుద్ధి కావడం లేదు, కూర్చున్నా పోగులు తప్పుతున్నాయి. రెండు నెలలుగా దుకాణంలో నిద్రమాత్ర కొని వేసుకుంటున్నాను, అట్ట తెచ్చాను. మా మేనమామకు ఇలాంటి జబ్బు ఉండేది.’ ఇందులో ఎప్పటినుంచి, ఎంత, పని ఎలా దెబ్బతింది, ఏం మందులు వాడారు, కుటుంబంలో ఎవరికైనా ఉందా అన్న అయిదు సంగతులూ వచ్చేశాయి. డాక్టరుకు మొదటిరోజు కావలసినవి ముఖ్యంగా ఇవే.

వీటితో పాటు మూడు విషయాలు దాచకుండా రాయాలి. మద్యం ఎంత తాగుతున్నారో రాయాలి, ఎందుకంటే అది ఆ పూటకు నిద్ర తెచ్చినట్లనిపించినా కుంగుబాటును పెంచుతుంది, మందులతో కలిస్తే ప్రమాదం. గర్భిణి అయినా, పాలిచ్చే తల్లి అయినా చెప్పాలి. ప్రసవం తరువాత వచ్చే కుంగుబాటును ‘బాలింత వాతం’ అనుకుని వదిలేయకూడదు. మూడవది చాలామంది మరచిపోయేది: గతంలో ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర అక్కరలేకుండానే విపరీతమైన ఉత్సాహం, ఆగని మాటలు, చేతికందిన డబ్బంతా ఖర్చు చేయడం జరిగి ఉంటే దానిని తప్పక చెప్పాలి. అలాంటివారికి మామూలు కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే జబ్బు ఆ విపరీతమైన ఉత్సాహం వైపు తిరగబడే అవకాశం ఉంది.

డాక్టరు గదిలో భాష సంగతి

బజారు ఒడియా, బడి ఒడియా మనలో చాలామందికి వచ్చు. బేరం ఆడటానికి, సంతకం పెట్టడానికి అది సరిపోతుంది. లోపలి బాధ చెప్పుకోవడానికి చాలదు. పెద్దవయసు ఆడవారికి మరీ కష్టం. బరంపురం వంటి చోట్ల ఆసుపత్రి సిబ్బందిలో తెలుగు తెలిసినవారు దొరకడం అరుదేమీ కాదు. ‘తెలుగు తెలిసినవారు ఎవరైనా ఉన్నారా’ అని నర్సును అడగడానికి సిగ్గుపడవద్దు. ఎవరూ లేకపోతే రెండు మూడు వాక్యాలు వల్లె వేసుకుని వెళ్ళండి: ‘రాతిరె నిద హెఉ నాహిఁ’ అంటే రాత్రి నిద్ర పట్టడం లేదని, ‘ఛాతి ధడపడ హెఉఛి’ అంటే గుండె దడగా ఉందని, ‘మరిజిబాకు ఇచ్ఛా హెఉఛి’ అంటే చచ్చిపోవాలనిపిస్తోందని. చివరి వాక్యం విన్న డాక్టరు మిమ్మల్ని తొందరగా పంపివేయరు.

తోడు వచ్చేవారిని జాగ్రత్తగా ఎంచుకోవాలి. బడికి వెళ్ళే పిల్లలకు ఒడియా బాగా వచ్చుకదా అని వారిచేత తల్లి బాధను తర్జుమా చేయించడం ఇద్దరికీ మంచిది కాదు. కోడలి జబ్బుకు అత్తగారు, భార్య జబ్బుకు భర్త ప్రతినిధులుగా మాట్లాడితే, సమస్యలో వారి పాత్ర ఉన్నచోట అసలు మాట బయటకు రాదు. తోడు వచ్చినవారు చెప్పినదాన్ని చెప్పినట్లు తర్జుమా చేయాలేగాని, ‘ఏం లేదండీ, ఊరికే ఆలోచిస్తుంది’ అని తమ తీర్పు కలపకూడదు. కొంతసేపు ఒంటరిగా మాట్లాడతానని అడిగే హక్కు రోగికి ఉంది. మీరు చెప్పిన విషయాలు గోప్యంగా ఉంచాలని పైన చెప్పిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షను ఆదేశిస్తుంది.

పరీక్షలు, మందులు

మొదటిరోజు రక్తపరీక్ష రాస్తే ‘మనసు జబ్బుకు రక్తం ఎందుకు’ అని విసుక్కోవద్దు. థైరాయిడ్ తగ్గితే కుంగుబాటులాగే ఉంటుంది, పెరిగితే ఆందోళనలాగే ఉంటుంది. రక్తహీనత, బీ12 లోపం కూడా నీరసాన్ని, మతిమరుపును తెస్తాయి.

ఇక మందులు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్, ఫ్లువోక్సెటీన్ వంటివి ఈ రెండు జబ్బులకూ సాధారణంగా ముందు రాసేవి. ఇవి వ్యసనం కలిగించేవి కావు. వేసుకున్న మర్నాడే గుణం కనిపించదు. రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఆరు వారాలు పడుతుంది. విచిత్రమేమంటే మొదటి వారంలో మేలు కనిపించకముందే వికారం, తలనొప్పి, కొంచెం ఎక్కువైన గాభరా కనిపిస్తాయి, చాలామంది సరిగ్గా అక్కడే మందు మానేస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది, చాలామందిలో కొద్దిరోజులలో సర్దుకుంటుంది. అయితే పాతికేళ్ళలోపు వయసువారిలో మొదటి కొన్ని వారాలు చిరాకు, అస్థిమితం, చనిపోవాలన్న ఆలోచన పెరుగుతున్నాయేమో ఇంట్లోవారు కనిపెట్టి ఉండి, పెరిగితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. మనసు కుదుటపడ్డాక కూడా కనీసం ఆరు నెలలపాటు మందు కొనసాగించమంటారు. ‘ఇప్పుడు బాగానే ఉందిగా’ అని ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, చిరాకు వస్తాయి, జబ్బు తిరగబెట్టవచ్చు. మానాలన్నా డాక్టరు చెప్పిన లెక్కలో కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి.

అల్‌ప్రజోలామ్, క్లోనజిపామ్ వంటివి వేరే రకం. వేసుకున్న గంటలో ప్రశాంతత ఇస్తాయి కాబట్టే జనం వాటికి అలవాటుపడతారు. డాక్టర్లు వీటిని కొద్ది వారాలకే రాస్తారు. చీటీ లేకుండా దుకాణంలో అమ్మకూడని మందులివి. అమ్మినా కొనకండి, ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకు అట్ట చూపించండి. అలాగే మోకాళ్ళ నొప్పికి, జ్వరానికి ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునేటప్పుడు మీరు వాడుతున్న మందు పేరు చెప్పండి, ఎందుకంటే డైక్లోఫెనాక్ వంటి నొప్పిమందులు ఈ కుంగుబాటు మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం జరిగే అవకాశం పెరుగుతుంది, ట్రమడాల్‌తోనూ జాగ్రత్త అవసరం.

మాటలతో చేసే చికిత్స

కౌన్సెలింగ్ అంటే మంచి మాటలు చెప్పి పంపడం అని అపోహ. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే పద్ధతిలో, ఏ సందర్భంలో ఏ ఆలోచన వచ్చింది, దానివల్ల మీరేం చేశారు, అది నిజమని నమ్మడానికి ఆధారమేమిటి అని వారం వారం రాయించి, ఆ అలవాటును మారుస్తారు. తేలికపాటి జబ్బుకు ఇదొక్కటే చాలవచ్చు, తీవ్రమైనదానికి మందులతో కలిపి చేస్తారు. దీనికి మీ సొంత భాష అవసరం కాబట్టి, మందులు ఒడియా డాక్టరు దగ్గర, మాటల చికిత్స తెలుగు వచ్చిన నిపుణుల దగ్గర ఫోన్‌లోనో వీడియోలోనో తీసుకోవడం మన జిల్లాలవారికి చక్కగా సరిపోయే ఏర్పాటు. డబ్బు చెల్లించేముందు ఆ వ్యక్తి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టేనా అని అడగండి. ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్న సర్టిఫికెట్లన్నీ అర్హతలు కావు.

గుడి, తాయెత్తు, గునియా

డాక్టరు దగ్గరికి వచ్చేవారిలో చాలామంది అంతకుముందే మంత్రాలు వేసే గునియా దగ్గరికో, నాటువైద్యం చేసే ఎజ్జోడి దగ్గరికో వెళ్ళి ఉంటారు. దానిమీద ఇంట్లో యుద్ధం చేస్తే రోగి నలిగిపోతారు, చికిత్స వెనకబడుతుంది. తాయెత్తు కట్టుకుని మాత్ర వేసుకోవచ్చు, అమ్మవారికి మొక్కుకుని ఆసుపత్రికి వెళ్ళవచ్చు. మూడు సందర్భాలలో మాత్రం గట్టిగా అడ్డుపడాలి: మందులు మానమన్నప్పుడు, పస్తులుంచమన్నప్పుడు, వాతలు పెట్టడమో కొట్టడమో కట్టివేయడమో చేసినప్పుడు. మానసిక రోగిని గొలుసులతో బంధించడాన్ని చట్టం నిషేధించింది.

ఇంట్లోవారు చేయవలసినది

‘ధైర్యంగా ఉండు, నీకేం తక్కువ’ అన్న మాట వల్ల ఉపయోగం లేదు. విన్నవారికి తమ బాధకు అర్హత లేదని మాత్రమే అర్థమవుతుంది. పక్కన కూర్చుని, పొద్దున ఒక చిన్న పని కలిసి చేయడం మేలు: పెరట్లో మొక్కలకు నీళ్ళు పోయడం, వీధి చివరిదాకా నడిచి రావడం, ఒక కూర తరగడం. ఆసక్తి వచ్చాక పని చేద్దామని ఎదురుచూస్తే ఈ జబ్బులో ఆసక్తి రాదు. పని మొదలుపెట్టాకే అది కొంచెం కొంచెంగా తిరిగి వస్తుంది. మాత్ర వేసుకున్నారా అని అడిగే బాధ్యత ఒక్కరే తీసుకోవాలి, ఇంటిల్లిపాదీ అడిగితే విసుగు. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని ఆసుపత్రి చీటీలు చించివేసే ఇళ్ళున్నాయి. చీటీలు బయటివారికి చూపించనక్కరలేదు, దాచుకోండి. వచ్చేసారి డాక్టరుకు అవే ఆధారం. ఆరోగ్య బీమా ఉన్నవారు ఒక మాట గుర్తుంచుకోవాలి: శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21వ సెక్షను చెబుతోంది.

చికిత్స మధ్యలో సూరత్‌కో, హైదరాబాదుకో పనికి వెళ్ళవలసి వస్తే, బయలుదేరే వారం ముందే డాక్టరుకు చెప్పి, ప్రయాణానికి సరిపడా మందులు, మందు అసలు పేరు పెద్ద అక్షరాలతో రాసిన చీటీ తీసుకోండి. కంపెనీ పేరు ఊరికొకటి మారుతుంది, అసలు పేరు దేశమంతా ఒకటే. జన ఔషధి దుకాణంలో ఆ పేరుతోనే తక్కువ ధరకు దొరుకుతుంది. చీటీని ఫోన్‌లో ఫోటో తీసి ఇంట్లో ఒకరికి పంపించి ఉంచండి. అక్కడ చేరాక మందులు అయిపోయే రోజు వరకూ ఆగకుండా, పదిరోజుల మాత్రలు మిగిలి ఉండగానే అక్కడి ప్రభుత్వాసుపత్రిలో చీటీ చూపించి కొనసాగింపు రాయించుకోండి.